కారు మారినా పాట తెగలేదు

"టీనేజ్ సినిమాలు పాత కాలపు కుర్రకారును నిజంగా పట్టుకుంటాయా, లేక బట్టలూ బళ్లూ చూపించి సరిపెట్టేస్తాయా?" అని అడిగారు. చాలామటుకు సరిపెట్టేస్తాయి. ఓ బెల్‌బాటం, పెద్ద కాలరు, పాత స్కూటరు... అయిపోయింది.

నేను చూసినవాటిలో ఈ పని సరిగ్గా చేసింది 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రాఫిటీ'. 1962 వేసవి చివర్లో, కాలిఫోర్నియాలోని మొడెస్టోలో ఒక్క రాత్రి జరిగే కథ. డైరెక్టర్ జార్జ్ లూకాస్‌ది ఆ ఊరే. ఆయనకీ కార్ల పిచ్చి. 1962 జూన్‌లోనే యాక్సిడెంట్ అయి చావు తప్పించుకున్నాడు. సినిమాలో కుర్రాళ్లు పనేమీ లేకుండా మెయిన్‌రోడ్డు మీద కార్లలో రౌండ్లు కొడుతుంటారు. మనవాళ్లు సెంటర్లో బండి మీద తిరగడం లాంటిదే, పెట్రోలు ఖర్చే ఎక్కువ.

నన్ను మాత్రం రేడియో పట్టేసింది. అన్ని కార్లలోనూ ఊల్ఫ్‌మన్ జాక్ అనే రేడియో జాకీ షోనే. సీను ఈ కారులోంచి ఆ కారులోకి మారినా పాట నడుస్తూనే ఉంటుంది. సౌండ్ చూసిన వాల్టర్ మర్చ్ ఆ పాటల్ని ఆరుబయట స్పీకర్లో వేసి, స్పీకరునూ మైకునూ అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ రికార్డు చేశాడు. అందుకే నిజంగా వీధి చివర్నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది.

అది వింటుంటే మా వీధే గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి. సరిగ్గా అప్పుడే అమ్మ కిరాణా కొట్టుకు పంపేది. పాట పోతుందని మొదట్లో ఏడ్చేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఏడవక్కర్లేదని. ప్రతి కిటికీలోంచీ అదే పాట! పల్లవి మా గుమ్మంలో, చరణం కొట్టు దగ్గర. పదిళ్లు దాటినా ఒక్క ముక్క పోయేది కాదు. రేపెవరైనా మా కాలం మీద సినిమా తీస్తే ఇది వదిలేసి, క్యాసెట్టులో పెన్సిల్ పెట్టి తిప్పే షాట్ మాత్రం తప్పకుండా పెడతారు.

ఆ సినిమాలో ఒక లోటుంది. చివర్లో నలుగురు అబ్బాయిలు తర్వాత ఏమయ్యారో తెరమీద రాస్తారు. ఒకణ్ణి తాగి నడిపినవాడెవడో గుద్ది చంపేశాడు, ఒకడు వియత్నాంలో ఆచూకీ లేకుండా పోయాడు, అలా. అమ్మాయిల గురించి ఒక్క అక్షరం లేదు. నాకసలు తట్టనే లేదు. పక్కన కూర్చున్న మా అక్కే అడిగింది, "మరి ఆ ఆడపిల్లలేమయ్యార్రా?" అని. చిత్రలహరి సంగతి చెప్తే నవ్వింది.

"వీధంతా నీకు వినపడేది. చీకటి పడ్డాక కొట్టుకి నన్నెప్పుడు పంపారు?"