కరెంటు పోతే కట్టెల పొయ్యి బ్లోయర్ నడవాలంటే ఏ బ్యాటరీ పెట్టాలి?

అక్కా, దేవరకొండలో కట్టెల పొయ్యి మీద టిఫిన్లు చేస్తున్నామని, పొద్దున్నే కరెంటు పోతే బ్లోయర్ ఆగి ఇడ్లీలు సగం ఉడికి ఉండిపోతున్నాయని రాశారు. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్‌కే బ్లోయర్‌ను కలపొచ్చా, వేరే బ్యాటరీ కొనాలా అని అడిగారు. నా మాట అయితే ఇన్వర్టర్ జోలికి పోకండి. 12 వోల్టుల డీసీ బ్లోయర్ తెచ్చుకొని నేరుగా బ్యాటరీ మీదే నడపండి. ఎందుకో చెప్తాను.

మేము మిర్యాలగూడలో మెస్ నడుపుతాం. మా పొయ్యికి సర్కారు తుమ్మ కట్టెలే. గాలి తగిలినంత సేపు నిప్పు కణకణ మండుతుంది, గాలి ఆగిందంటే కాసేపట్లోనే వంటిల్లంతా పొగ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచి ఏ కొమ్మో తీగల మీద పడితే కరెంటు గంటకు వస్తుందో, రాత్రికి వస్తుందో చెప్పలేం. 60 మందికి అన్నం పొయ్యి మీద ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మొదట మేమూ ఇంటి ఇన్వర్టర్‌కే కలిపాం. మాది 230 వోల్టుల బ్లోయర్, 60 వాట్లు. ఇన్వర్టరేమో స్క్వేర్ వేవ్‌ది, అంటే లైను కరెంటులా నున్నగా కాకుండా మెట్లుమెట్లుగా కరెంటు ఇచ్చేది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే మోటారు గుర్రుమనేది, గాలి తగ్గేది, చేయి పెట్టలేనంత వేడెక్కేది. నెల తిరక్కుండానే వైండింగ్ కాలిపోయింది. ఇటువంటి మోటారుకు స్క్వేర్ వేవ్ పడదని రివైండింగ్ చేసిన మిస్త్రీ చెప్పేదాకా మాకు ఎవరూ చెప్పలేదు. లైను కరెంటు లాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటారు కాలదు, నిజమే. కానీ బ్యాటరీ కరెంటును 230కి మార్చడంలోనే కొంత వృథా పోతుంది. 60 వాట్ల మోటారు కోసం బ్యాటరీ నుంచి దాదాపు 75 వాట్లు, అంటే ఆరు ఆంపియర్లకు పైనే లాగుతుంది. ఇప్పుడు మేం వాడే 12 వోల్టుల బ్లోయర్ ఫుల్ స్పీడులో ఒకటిన్నర ఆంపియరే తీసుకుంటుంది. ఒక పెద్ద పొయ్యికి ఆ గాలి సరిపోతుంది.

బ్యాటరీ లెక్క ఇక్కడి నుంచే వేసుకోవాలి. ఒకటిన్నర ఆంపియర్ల బ్లోయర్ మూడు గంటలు తిరిగితే నాలుగున్నర ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క, బ్యాటరీ సైజు కూడా ఇందులోనే చెప్తారు). దుకాణంలో 7 ఆంపియర్ అవర్ల చిన్న యూపీఎస్ బ్యాటరీ చూపించి చాలంటారు, కాగితం మీద చాలుతుంది కూడా. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే తొందరగా చచ్చిపోతుంది. సగమే వాడుకోవాలంటే అది రెండు గంటల పైచిలుకు వస్తుంది, అంతే. మేం 26 ఆంపియర్ అవర్లది పెట్టాం. సగం లెక్కన చూసినా ఎనిమిది గంటలు నడుస్తుంది. ఇదే బ్యాటరీ మీద పాత 60 వాట్ల బ్లోయర్ అయితే రెండు గంటలు. ఇంట్లో పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉంటే దాన్ని ఇందుకు వాడకండి. అది ఇంజను స్టార్ట్ చేసే క్షణం కోసం చేసింది, గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇచ్చే పనికి తట్టుకోదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొనగలిగితే ఇంకా మంచిది. దాంట్లో 80 శాతం దాకా వాడుకోవచ్చు, బరువూ తక్కువ. కాకపోతే దానికి సరిపడే చార్జరే కొనాలి.

చార్జర్ దగ్గర మేం చేసిన పొరపాటు మీరు చేయకండి. మా బ్లోయర్ ఎప్పుడూ బ్యాటరీ మీదే ఉంటుంది, చార్జర్ కూడా ఎప్పుడూ తగిలించే ఉంటుంది. కరెంటు పోయినా వచ్చినా బ్లోయర్‌కు తేడా తెలియదు, మార్చడానికి స్విచ్చు అక్కర్లేదు. ఈ పద్ధతి చాలా హాయి. కానీ మొదట రెండు ఆంపియర్ల చార్జర్ పెట్టాం. ఒకటిన్నర బ్లోయరే తినేస్తే బ్యాటరీకి మిగిలేది అర ఆంపియరు. వరుసగా రెండు రోజులు కరెంటు పోయేసరికి మూడో రోజు బ్యాటరీ అడుగంటింది. ఇప్పుడు ఐదు ఆంపియర్లది ఉంది, ఆ సమస్య మళ్లీ రాలేదు. బ్యాటరీ నిండాక 13.8 వోల్టుల దగ్గర నిలబెట్టే చార్జర్ అడగండి. మామూలు 12 వోల్టుల అడాప్టర్‌తో బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

స్పీడు తగ్గించడానికి పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెట్టుకోండి. ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాక ఫుల్ గాలి అక్కర్లేదు, తగ్గిస్తే కట్టెలూ మిగులుతాయి, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. దోసె పెనానికి మాత్రం మళ్లీ పెంచాలి.

బ్యాటరీని పొయ్యికి దూరంగా పెట్టండి. మేం మొదట పొయ్యి దిమ్మె పక్కనే పెట్టాం, రెండో ఎండాకాలానికే ఉబ్బిపోయింది. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీల వేడికి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. మన నల్లగొండ జిల్లా ఎండలకు పొయ్యి సెగ కూడా తోడైతే ఇంకేం మిగులుతుంది? పైగా చార్జింగ్‌లో దాని నుంచి హైడ్రోజన్ రావచ్చు, నిప్పు పక్కన ఉండకూడదు. ఇప్పుడు మాది గోడ అవతల, నీడలో, గాలి ఆడే చోట ఉంది. అక్కడి నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాం. 12 వోల్టుల్లో సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఐదు ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా వేయించండి. ప్లస్ మైనస్ తారుమారైతే కొన్ని బ్లోయర్లు వెనక్కి తిరిగి గాలి బలహీనంగా ఇస్తాయి, కొన్ని కాలిపోతాయి.

ఇంకొక్కటి, బ్యాటరీ ఉన్నా ఏదో ఒక రోజు బ్లోయర్ ఆగుతుంది. అప్పుడు పొయ్యి వేడి గొట్టం గుండా వెనక్కి వస్తుంది. మా బ్లోయర్ ప్లాస్టిక్ డొప్ప ఒకసారి అట్లాగే మెత్తబడి వంకర పోయింది. అందుకని పొయ్యికీ బ్లోయర్‌కీ మధ్య రెండడుగుల ఇనుప గొట్టం, దాంట్లో మూసే రేకు పెట్టించాం. బ్లోయర్ ఆగగానే రేకు మూసి, పెద్ద కట్టెలు బయటికి లాగి, తలుపులు కిటికీలు బార్లా తెరుస్తాం. గాలి అందక కుములుతున్న నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. మీ పొయ్యి లోపలి గదిలో ఉంటే బ్యాటరీ కంటే ముందు కిటికీ సంగతి చూడండి.

మీ బ్లోయర్ మీద రాసి ఉన్న వాట్లు, మీ దగ్గర కరెంటు ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటలు పోతుందో రాయండి అక్కా, లెక్క వేసి ఏ సైజు బ్యాటరీ కావాలో చెప్తాను.