ఎండకాలం కారుల కూలెంట్ ఎంత, నీళ్లెన్ని

అల్లుడూ,

పాత కారు తీసుకొని హన్మకొండ నుంచి కరీంనగర్ మీదుగ మంచిర్యాల దాక కిరాయిలకు తిప్పుతనని రాసినవ్. కూలెంట్ ఎంత చిక్కగ పోస్తే ఇంజన్ అంత సల్లగుంటదా అని అడిగినవ్ గద, ఉండదు. ఒక హద్దు దాటినంక చిక్కదనం పెరిగినకొద్దీ ఇంజన్ వేడి చూపే సూది ఇంకింత మీదికే ఎక్కుతది.

వేడిని మోసుకపోయే పని నీళ్లది. కూలెంట్ డబ్బాల ఉండేది ఎక్కువ పాలు ఇథిలీన్ గ్లైకాల్, దాంట్ల కలిపిన తుప్పు మందులు. బరువుకు బరువు చూస్తే నీళ్లు మోసే వేడిల గ్లైకాల్ మోసేది సగానికి కొంచెం ఎక్కువ, గంతే. పైంగ అది చిక్కటిది, రేడియేటర్ సన్న గొట్టాలల్ల జోరుగ పారదు. అట్లని వట్టి నీళ్లు పోసినా కుదరదు. 100 డిగ్రీలకే మరుగుతయి, అల్యూమినియం హెడ్‌ను తింటయి, వాటర్ పంపు సీలును అరగ్గొడతయి. అందుకనే రెండూ కలుపుడు.

ఎండల ఏమైతదో లెక్క చూడు. రేడియేటర్ గాలికి ఎంత వేడి ఇడుస్తదనేది లోపలి నీళ్లకు, బయటి గాలికి నడుమ ఉన్న తేడాను బట్టి ఉంటది. లోపల 95 డిగ్రీలు ఉన్నయనుకో. సంక్రాంతి దినాలల్ల పొద్దుగాల బయట 20 ఉంటే తేడా 75. మే నెలల రామగుండం దిక్కు మిట్టమధ్యాహ్నం 45 ఉంటే తేడా 50. అదే రేడియేటర్, అదే ఫ్యాను, అయినా పనితనం మూడొంతులల్ల ఒక వంతు తగ్గింది. రేడియేటర్ ముంగట ఏసీ వేడిని బయటికి ఇడిచే కండెన్సర్ ఉంటది, దాంట్లకెల్లి వచ్చే గాలి ఇంకా వేడి. గిసొంటి టైముల 70 శాతం కూలెంట్ పోసి నీళ్ల బలం కూడ తగ్గిస్తే, సూది ఎక్కక ఏంచేస్తది?

మన దిక్కు ఆదిలాబాద్ చలి ఎంత వణికించినా రేడియేటర్ల నీళ్లు గడ్డకట్టవు, కాబట్టి గడ్డకట్టుడు గురించి మనకు రంది లేదు. మనకు కావాల్సింది తుప్పు నుంచి కాపుదల, మరిగే డిగ్రీల జర పెరుగుదల. కూలెంట్ పాలు 33 శాతం కన్న తగ్గితే తుప్పు మందు చాలదు. 60 దాటితే వేడి మోసుడు తగ్గుతది. నా మాట గిది: కారు మాన్యువల్‌ల 50 అని కచ్చితంగ ఉంటే 50 పొయ్యి. 30 నుంచి 50 దాక ఎంతైనా పర్వాలేదని రాసి ఉంటే 40 మీద నిలబడు. 40కి, 50కి మధ్య తేడా రోడ్డు మీద పెద్దగ తెల్వదు. తెలిసేది రేడియేటర్ మూత ఖరాబైనప్పుడు.

మూతను ఎవ్వరు పట్టించుకోరు, అదే నాకు మండేది. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటది, అది మూత ఆపే ఒత్తిడి, బార్లల్ల. 0.9 మూత గట్టిగ పట్టి ఉంటే వట్టి నీళ్లు కూడ సుమారు 118 దాక మరగవు. సగం సగం కలిపిన కూలెంట్ అయితే 125 దాక ఆగుతది. అంటే గ్లైకాల్ ఇచ్చింది ఏడెనిమిది డిగ్రీలు, మూత ఇచ్చింది పద్దెనిమిది. రబ్బరు వాషర్ పగిలిందా, స్ప్రింగు లూజైందా, అడుగున నడిమిట్ల ఉండే చిన్న వాల్వు గోరుతోని గుంజితే లేచి మళ్ల కూసుంటుందా, చూడు. ఇంజన్ సల్లారినంక పై హోస్ పైపు పీల్చుకపోయి సప్పిడిగ కనవడితే ఆ చిన్న వాల్వే పట్టేసిందన్నట్టు. అదే నంబరు మూత కొత్తది వెయ్యి. ఎక్కువ నంబరు వేస్తే మంచిదనుకోకు, పాత పైపులు, ప్లాస్టిక్ ట్యాంకులు పలుగుతయి.

నీళ్ల సంగతి. బోరు నీళ్లు రోజూ కాగబెట్టే గిన్నె అడుగున తెల్లటి పొర పడతది గద, ఇంజన్ల సిలిండర్ల చుట్టు పడేది కూడ అదే పొర. అక్కడ పడితే వేడి బయటికి రాదు. వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు తాగనీకె మంచియే, దాంట్ల కూడ ఉప్పులు మిగిలే ఉంటయి. ఏసీ పైపుకెల్లి కారే నీళ్లు పట్టుకొని పోస్తరు కొందరు. దాంట్ల దుమ్ము, పాకురు ఉంటది, వద్దు. బ్యాటరీ షాపుల డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్ల డబ్బా దొరుకుతది, అదే తీసుకో. నీళ్లల్ల కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటర్ ముంచితే 10 లోపు చూపాలె. జర లేబుల్ చదివి కొను, ఆ షాపుల యాసిడ్ డబ్బాలు కూడ పక్కపక్కనే పెడతరు.

రంగు చూసి కూలెంట్ కొనకు. పచ్చ, ఎర్ర, గులాబి, నీలం, కంపెనీ ఇష్టమొచ్చిన రంగు కలుపుతది. డబ్బా మీద నీ కారు మాన్యువల్ల ఉన్న రకం ఉందా, జేఐఎస్ కే 2234 అనో ఏఎస్‌టీఎం డీ 3306 అనో ప్రమాణం రాసి ఉందా, అది చూడు. పాత సిలికేట్ రకం రెండేండ్లకు మార్చాలె, ఆర్గానిక్ యాసిడ్ రకం ఐదేండ్ల దాక వస్తది. రెండిటినీ కలిపితే మందు బలం పోతది, కొన్నిసార్లు జిగురు ముద్దలు కడతది. నీది పాత కారు, లోపల ఏముందో తెల్వదు, కాబట్టి మొత్తం కడిగి కొత్తది పోసుడే మంచిది. ఇంకొకటి, అది కాన్సంట్రేటా లేక రెడీమిక్సా అనేది ముంగట తేల్చుకో. రెడీమిక్స్‌ల నీళ్లు కంపెనీనే కలిపి ఉంటది.

ఇగ పని. ఇంజన్ పూర్తిగ సల్లారినంక, రాత్రి నిలబెట్టిన బండి పొద్దుగాల అయితే ఇంకా మంచిది, మూత తియ్యి. రేడియేటర్ అడుగున డ్రెయిన్ ప్లగ్గు ఉంటే అది, లేకుంటే కింది హోస్ పైపు క్లిప్పు లూజు చేసి టబ్బుల పట్టు. రిజర్వ్ ట్యాంకు ఇప్పి అడుగున ఉన్న బురద కడుగు. మళ్ల బిగించి, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి ఇంజన్ నడిపియ్యి. పై పైపు ఒక్కసారిగ వేడెక్కిందంటే థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కినంక రేడియేటర్ దిక్కు దారి ఇడిచే వాల్వు, తెరుచుకున్నట్టు. ఇంకో పది నిమిషాలు నడవనిచ్చి, ఆపి, సల్లారినంక ఇడిచిపెట్టు. నీళ్లు తేటగ వచ్చేదాక గిట్లనే చెయ్యాలె.

అందరు తప్పుజేసేది గిక్కడ. రేడియేటర్ ఇప్పినా ఇంజన్ బ్లాకుల, హీటర్ గొట్టాలల్ల ఉన్న నీళ్లు రావు. మాన్యువల్‌ల మొత్తం 5 లీటర్లు అని ఉందనుకో. టబ్బుల పడినయి కొలిస్తే 3 లీటర్లే. అంటే 2 లీటర్ల వట్టి నీళ్లు లోపలనే ఉన్నయి. దాని మీద సగం సగం రెడీమిక్స్ 3 లీటర్లు పోసినవంటే అసలు కూలెంట్ పడింది లీటరున్నర, 5 లీటర్లకు 30 శాతం. డబ్బా మీద 50 అని ఉంది, లోపల 30 ఉంది! కడిగినంక కాన్సంట్రేట్ వాడాలె. 40 శాతం కావాలంటే 5 లీటర్లకు 2 లీటర్ల కాన్సంట్రేట్ ముందు పొయ్యి, తర్వాత ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్. 50 కావాలంటే రెండున్నర లీటర్ల కాన్సంట్రేట్, అర లీటరు నీళ్లు. నీ బండి లెక్కలు వేరే ఉంటయి కాబట్టి టబ్బుల పడినయి కొలవకుండ మొదలుపెట్టకు.

మెల్లగ పొయ్యి, గాలి బుడగ చిక్కుకోవద్దు. బండి ముందు చక్రాలు జర ఎత్తు మీద ఉంటే గాలి మూత దిక్కు వస్తది. గాలి తీసే స్క్రూ ఉంటే లూజు చెయ్యి, కూలెంట్ ఎడతెగకుండ కారినంక బిగించు. హీటర్ ఆన్ పెట్టి నడిపిస్త, పై పైపును చేత్తోని పిసుకుత, తగ్గినంత పొయ్యి. మూత బిగించి ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాక ఉంచు. హీటర్ల సల్లగాలి వస్తుందంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టే. తెల్లారి రిజర్వ్ ట్యాంకుల మట్టం కింది గీతకు పై గీతకు నడుమ ఉండాలె.

పాళ్లు కుదిరినయో లేదో రంగు చెప్పది, కూలెంట్ ఎన్ని డిగ్రీలకు గడ్డకడతదో చూపే రిఫ్రాక్టోమీటర్ చెప్తది. ఒక్క చుక్క అద్దం మీద వేసి వెలుతురుకు పెట్టి చూడు, ఇథిలీన్ గ్లైకాల్ గీతల దిక్కు చదువు. మైనస్ 24 దగ్గర ఉంటే 40 శాతం, మైనస్ 37 ఉంటే 50. మైనస్ 16కు ఇవతల ఆగిందంటే పలుచన. ఆటోనగర్‌ల మెకానిక్ దగ్గర ఉంటే అడిగి చూపించుకో, కిరాయిల బండి కాబట్టి ఒకటి నువ్వే కొనుక్కున్నా తప్పులేదు.

తర్వాత ట్యాంకుల తగ్గినప్పుడల్ల వట్టి నీళ్లు పొయ్యకు. 5 లీటర్ల 50 శాతంల ఒక లీటరు కారిపోయి, ఒక లీటరు నీళ్లు పోస్తే 40 అయితది. మళ్లొకసారి అట్లనే అయితే 32. అప్పటికి తుప్పు మొదలైతది. టాప్ చేయనీకె రెడీమిక్స్ ఒక సీసా డిక్కీల పెట్టుకో. నెలకు పావు లీటరు మించి తగ్గుతుందంటే పోసుకుంట పోవుడు కాదు, ఎక్కడ కారుతుందో వెతుకు. వాటర్ పంపు కింద రంగు మరక, పైపుల మొనల కాడ తెల్ల పొడి, ముందు సీటు కింద తియ్యటి వాసనతోని తడి. బయట ఏం కనవడకుంటే ఇంజన్ బ్లాకుకు, హెడ్‌కు నడుమ ఉండే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలె. లీకులకు పసుపు వేస్తరు మనోళ్లు. లీకు ఆగుతది, రేడియేటర్ గొట్టాలు కూడ ఆగుతయి.

రేడియేటర్ ముందర కూడ చూడు. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్ దిక్కు తిరిగిన బండి బంపర్ లోపల చెయ్యి పెడితే కండెన్సర్ మీద పత్తి నూగు, దుమ్ము కలిసి మెత్తటి బొంతలెక్క అంటుకొని ఉంటది. ఇంజన్ దిక్కు నుంచి బయటికి తక్కువ జోరుతోని నీళ్లు కొట్టాలె. ప్రెజర్ గన్ దగ్గర పెడితే రెక్కలు వంగి గాలి బందైతది.

రోడ్డు మీద గుర్తులు చెప్త. సిటీల నిలబడితే హీటై, స్పీడుల పోతే తగ్గితే ఫ్యాను, ఫ్యూజు, రిలే చూడు. సిటీల బాగుండి హైవేల ఎక్కితే రేడియేటర్ మూసుకపోయింది, లేకుంటే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటుంది. థర్మోస్టాట్ తీసి పారెయ్యమని చెప్పేటోళ్లు మస్తు మంది ఉంటరు. చాన ఇంజన్లల్ల అది పక్కదారిని కూడ మూస్తది, తీసేస్తే వేడినీళ్లు రేడియేటర్‌కు పోకుండనే చుట్టు తిరుగుతయి. పాడైతే కొత్తది వెయ్యి.

సూది మామూలు కన్న పైకి పోతుంటే ఏసీ బందువెట్టు, హీటర్ ఫుల్ పెట్టు, అద్దాలు దించు. ఎర్ర గీతకు దగ్గరైతే నీడకు ఆపు. ఆవిరి కొడితే ఇంజన్ వెంటనే బందు. ముప్పావుగంట దాక మూత ముట్టకు. ఎంత తొందరున్నా వేడి ఇంజన్ల సల్లనీళ్లు పోస్తే హెడ్ పలుగుతది. ఆపతికి తాగే నీళ్లు పోసి ఇంటికి రావొచ్చు, వచ్చినంక పాళ్లు సరిచెయ్యాలె.

తీసిన కూలెంట్ మోరీల పారబొయ్యకు. గ్లైకాల్ తియ్యగ ఉంటది, కుక్కలు నాకుతయి, పిల్లలు తాగుతరు, కిడ్నీలు పోతయి. మూత గట్టిగ ఉన్న డబ్బాల పోసి పేరు రాసి పెట్టు, మంచినీళ్ల సీసాల మాత్రం పొయ్యకు. ఎవ్వరన్న గుటక మింగితే, మంచిగనే ఉన్నరని చూసుకుంట కూసోకుండ అదే డబ్బా పట్టుకొని ఎంజీఎం దవాఖానకు తీసుకపో.

మూత నంబరు, టబ్బుల పడిన లీటర్లు నాకు ఫోన్ల చెప్పు, ఎంత కాన్సంట్రేట్ కొనాల్నో లెక్కగట్టి చెప్త.

మీ మామ
హన్మకొండ