ఆ స్క్రూ దొరికిందా?

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

స్విట్జర్లాండులో చేత్తో వాచీలు చేసే పెద్దాయన గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం మా మనవడు ప్రింటు తీసి ఇచ్చాడు. పద్దెనిమిది పేజీలు. ఒక్క బిగిన చదివి, కోపంతో బల్ల మీద పడేశాను. రెండు రోజులు దాని జోలికి పోలేదు. మూడోరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పదకొండో పేజీలోని రెండు వాక్యాలు బుర్రలో తిరుగుతున్నాయి. "ఆయన పట్టకారు నుంచి స్క్రూ జారిపోయింది. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వెతికాం." లేచి లైటు వేసి ఆ పేజీ మళ్ళీ తీశాను. దాని తర్వాతి వాక్యం ఏమిటో నీకు గుర్తుందా? "కాలం కూడా ఇలాగే మన వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది కదా!" అక్కడి నుంచి రెండున్నర పేజీలు కాలం మీద ఉపన్యాసం.

స్క్రూ దొరికిందా లేదా, తల్లీ? అది రాయలేదు నువ్వు.

నా కోపమంతా అక్కడే. స్విట్జర్లాండులో జూరా కొండల మధ్య వాలే ద జూ అనే లోయకు వెళ్ళావు. పూర్వం చలికాలమంతా మంచులో ఇళ్ళకే పరిమితమైపోయిన రైతులు వాచీ భాగాలు చేసి బతికిన చోటు అది. అక్కడ ఏడాదికి పట్టుమని పాతిక వాచీలు కూడా చెయ్యని ఒక పెద్దాయన నిన్ను తన వర్క్‌షాపులో నాలుగు గంటలు కూర్చోబెట్టుకున్నాడు. సత్యనారాయణపురంలో పెరిగిన పిల్లకు ఎంత అదృష్టం! ఆ నాలుగు గంటల్లో ఆయన చేతులు ఏం చేశాయో నీ వ్యాసంలో నిండా ఒక పేజీ లేదు. మిగతా పదిహేడు పేజీల్లో నీకు ఏమనిపించిందో ఉంది.

నలభై ఏళ్ళుగా నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. పని గురించి రాసేటప్పుడు పని రాయండి. వస్తువును వస్తువుగా ఉండనివ్వండి. గడియారం కనబడగానే కాలం, దీపం కనబడగానే జ్ఞానం, నది కనబడగానే జీవితం. ఈ జబ్బు మన వచనానికి ఎప్పటి నుంచో ఉంది. కృష్ణ ఒడ్డున పుట్టిన మనకు మరీ ఎక్కువ. బ్యారేజీ గేట్లు ఎలా ఎత్తుతారో రాసినవాళ్ళు ఎంతమంది? ప్రవాహం లాంటి జీవితం గురించి రాసినవాళ్ళు ఎంతమంది?

నీలం స్క్రూలు నక్షత్రాల్లా మెరిశాయని రాశావు. ఆ నీలం ఎక్కడి నుంచి వచ్చింది? అది పెయింటు కాదు. స్టీలు స్క్రూకు మెరుగు పెట్టి, ఇత్తడి రజను పోసిన చిన్న పళ్ళెంలో నిలబెట్టి, కింద నుంచి వేడి చేస్తారు. వేడెక్కేకొద్దీ అది ముందు ఎండుగడ్డి రంగుకు వస్తుంది, తర్వాత గోధుమ రంగు, తర్వాత ఊదా, 300 డిగ్రీల దగ్గర పడుతుండగా ముదురు నీలం. సరిగ్గా అప్పుడు తీసెయ్యాలి. కాస్త ఆలస్యమైతే రంగు వెలిసిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మెరుగు పెట్టుకోవాలి. మీ అమ్మ సంక్రాంతికి అరిసెల పాకం పట్టడం చూసే ఉంటావు. నీళ్ళ గిన్నెలో చుక్క వేసి, ఉండ కడుతుందో లేదో వేళ్ళతో చూసి, గబుక్కున పొయ్యి మీద నుంచి దించే ఆ తొందర ఉందే, ఆ తొందర ఆ పెద్దాయనలో కూడా నీకు కనబడి ఉండాలి. ఊపిరి బిగబట్టాడా? పక్కవాళ్ళను మాట్లాడవద్దన్నాడా? ఒకేసారి ఎన్ని స్క్రూలు పెట్టాడు? ఒక వాచీలో కనబడే స్క్రూలన్నీ ఒకే నీలంలో ఉండాలి కదా, తేడా వచ్చినవాటిని ఏం చేశాడు? ఇవన్నీ నువ్వు చూశావు. నక్షత్రాలు అడ్డం వచ్చి రాయలేదు.

అంచులకు మెరుగు పెట్టే చోట కొంచెం ఆగావు, అది బాగుంది. కానీ అక్కడ కూడా "ఏదో పుల్లతో రుద్దుతున్నారు" అని రాసి ముందుకు పోయావు. ఏదో పుల్లా! అది ఆ కొండల్లో పెరిగే జెన్షియన్ మొక్క ఎండుకాడ. దాన్ని మొన తేలేలా చెక్కి, మెరుగు పెట్టే ముద్ద రాసి, వాచీ లోపల చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జి అనే రేకు అంచుల మీద రుద్దుతారు. ముందు ఆకురాయితో ఆ అంచును ఏటవాలుగా తీస్తారు, తర్వాత గీతలు పోయేదాకా రాళ్ళు మార్చుకుంటూ వస్తారు, చివర్న ఈ కాడ. బయటి మూలలైతే మిషనుతో కూడా చేయొచ్చు. రెండు అంచులు లోపలికి వచ్చి కలిసే మూలలో మాత్రం తిరిగే పనిముట్టు పట్టదు, గుండ్రంగా అరిగించి వదిలేస్తుంది. అక్కడ సన్నని గీతలా మూల తేలాలంటే చెయ్యే దిక్కు. వాచీ గురించి తెలిసినవాళ్ళు భూతద్దం పెట్టి ముందు చూసేది ఆ మూలనే. నీ చుట్టూ ఎంత సరుకు ఉందో చూడు. లోయలో మొలిచిన కాడ ఆ లోయలో చేసిన వాచీ మీదికే వచ్చింది. దాన్ని "ఏదో పుల్ల" చేశావు.

ఈ మెరుగులో సగం డయల్ కిందే ఉండిపోతుంది. మళ్ళీ ఆ వాచీ విప్పినవాడికే కనబడుతుంది. ఇది చదవగానే నీకు ఒక జీవిత సత్యం తట్టి ఉంటుంది. రాయకు.

ఆ వాచీ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుందని రాసి ఆశ్చర్యార్థకం పెట్టావు. మా నాన్న కట్టుకున్న హెచ్‌ఎంటీ జనతా కూడా గంటకు 18,000 సార్లే కొట్టుకునేది. సెకనుకు ఐదు. అందులోనూ కీ ఇస్తే బిగుసుకునే మెయిన్‌స్ప్రింగు, పళ్ళ చక్రాలు, వాటిని ఆపుతూ వదులుతూ ఉండే ఎస్కేప్‌వీలు, అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు. మనం వినే టిక్కు అంటే ఆ ఎస్కేప్‌వీలు పన్ను వచ్చి కెంపురాయికి తగిలి ఆగే చప్పుడు. అది కోటి రూపాయల వాచీలోనూ అంతే, నాన్న వాచీలోనూ అంతే. కాబట్టి ఆ అంకెలో నీ పెద్దాయన గొప్పతనం లేదు, ఆ లోపలి మూలలో ఉంది. ఈ తేడా నీకు ఎవరూ చెప్పి ఉండరు. నాకు మాత్రం బెజవాడ బీసెంట్ రోడ్డు మీద ఒకాయన చెప్పాడు.

1978లో నేను గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. నాన్న వానలో తడిసి వచ్చిన రాత్రి ఆ జనతా ఆగిపోయింది. బీసెంట్ రోడ్డులో ఒక మెట్ల కింద వాచీ మెకానిక్ ఉండేవాడు. అద్దాల పెట్టె, ఒక బల్బు, కంటికి అద్దం, గిన్నెలో పెట్రోలు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి. అంతే ఆస్తి. ఒడిలో తెల్ల గుడ్డ పరుచుకుని దాని రెండు కొసలూ బల్లకు కట్టుకునేవాడు, చేతిలోంచి ఏది జారినా అందులో పడేలా. నన్ను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి మూడు గంటలు పని చేశాడు. బ్యాలెన్సును ఊగించే వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగుకు తుప్పు చుక్క పట్టిందని అద్దం నా కంటికి పెట్టి మరీ చూపించాడు. పెట్రోల్లో కడిగిన చక్రాలను ఏ వరసలో తీశాడో దానికి ఎదురు వరసలో పేర్చాడు. చివర్న బ్యాలెన్సు దించగానే, ఎవరూ ముట్టుకోకుండానే అది ఊగడం మొదలుపెట్టింది. ఆయన నవ్వాడు.

ఆ రాత్రే రాశాను. "కాలచక్రం" అని పేరు పెట్టాను, నాకూ ఆ జబ్బు ఉండేది మరి. పన్నెండు పేజీలు. ఏడు పేజీలు ఆయన పని, ఐదు పేజీలు కాలం. ఒక వారపత్రికకు పంపితే ఆ సంపాదకుడు మొదటి ఏడూ కొట్టేసి, చివరి ఐదూ వేశాడు. అడగడానికి వెళితే, "పాఠకుడికి రిపేరు ఎందుకయ్యా, భావం కావాలి గానీ" అన్నాడు. ఈరోజుకీ ఆ మాట మింగుడు పడలేదు నాకు. పాఠకుణ్ణి అడగకుండానే పాఠకుడికి ఏం కావాలో తేల్చేసే సంపాదకులు ఆ తర్వాత కూడా చాలామంది తగిలారు. అప్పట్లో భావం అన్నారు, తర్వాత సందేశం అన్నారు, ఇప్పుడు ఫీల్ అంటున్నారు. కొట్టేసే పేజీలు మాత్రం ఎప్పుడూ అవే.

పత్రిక పట్టుకుని ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. కంటి అద్దం తీసి పక్కన పెట్టి, నెమ్మదిగా చివరిదాకా చదివాడు. "బాగుంది బాబూ. ఇందులో నేనెక్కడున్నాను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగు నెలలు ఆ దారిన వెళ్ళకుండా వేరే సందులోంచి తిరిగి రూముకు పోయాను.

ఆ ఏడు పేజీలకు కాపీ లేదు. పోయాయి. సెల్లుతో నడిచే వాచీలు వచ్చాక ఆ మెట్ల కింద ఫోన్ కవర్లు అమ్మడం మొదలైంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఆ పనిని నేను చూశాను, రాశాను, దక్కించుకోలేకపోయాను. నీ పద్దెనిమిది పేజీలు చదివి నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు నీకు తెలియాలి.

మాటల సంగతి ఒకటుంది. హెయిర్‌స్ప్రింగును "సూక్ష్మ కేశ సర్పిలం" అన్నావు. ఆ మాట ఎవరి నోటి నుంచి విన్నావమ్మా? బెజవాడలో ఏ మెకానిక్ నడిగినా హెయిర్‌స్ప్రింగే అంటాడు. కీ ఇవ్వడం, ముల్లు, సర్వీసింగ్, సెల్లు, ఇవన్నీ మన మాటలే. పనివాడు వాడే మాట ఉంటే అదే వాడు. లేనప్పుడు ఆ పని ఎలా చేస్తారో మామూలు తెలుగులో చెప్పు. నిఘంటువు ముందు కూర్చుని కొత్త మాట పుట్టించకు.

నీ పెద్దాయన లాంటివాళ్ళలో ఒకరి సంగతి నాకు చాలా ఇష్టం. ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్య ఐల్ ఆఫ్ మ్యాన్ అనే ద్వీపంలో జార్జ్ డేనియల్స్ అని ఉండేవాడు, 2011లో పోయాడు. వాచీ మొత్తం ఒంటిచేత్తో చేసినవాడు. రోజర్ స్మిత్ అనే కుర్రాడు ఏడాదిన్నర కష్టపడి ఒక జేబు వాచీ చేసి ఆయనకు చూపించాడు. చేత్తో చేసినట్టు తెలిసిపోతోందని, అలా తెలియకూడదని చెప్పి ఆయన తిప్పి పంపేశాడు. ఆ కుర్రాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఐదేళ్ళకు పైగా, చేసిన భాగాలే మళ్ళీ మళ్ళీ చేశాడు. రెండో వాచీ చూశాక డేనియల్స్ ఒప్పుకున్నాడు, తర్వాత తన దగ్గర పనికి కూడా పెట్టుకున్నాడు.

నీ వ్యాసంలో ప్రతి పేజీలో ఆకురాయి గీతలు కనబడుతున్నాయి. "అద్భుతం" పద్నాలుగుసార్లు ఉంది, లెక్కపెట్టాను. "మాటలకందని" ఆరుసార్లు. మాటలకందని దాన్ని అందించడానికే కదా మనం కూర్చున్నది.

ధర రాయాలా వద్దా అని అడిగావు. రాయి, ఒక్కసారి. పక్కనే ఆ వాచీకి ఎన్ని నెలలు పట్టిందో కూడా రాయి. ఆ డబ్బుతో బెజవాడలో ఎన్ని ఫ్లాట్లు వస్తాయన్న లెక్క తీసెయ్యి. ఏ పత్రికకు పంపాలన్నది ఇప్పుడే వద్దు.

ముందు ఆ పెద్దాయనకు ఉత్తరం రాయి. జారిన స్క్రూ ఏ భాగానిది? ఎంత పొడవు? ఎక్కడ దొరికింది? దొరక్కపోతే కొత్తది చెయ్యడానికి ఎంతసేపు పట్టింది? నేల తుడిచిన చెత్తను ఆ వర్క్‌షాపులో పారేస్తారా, దాచి మళ్ళీ వెతుకుతారా? జవాబు వచ్చాక పదకొండో పేజీ నుంచి మొదలుపెట్టి రాయి. ముందున్న పది పేజీలతో పని లేదు.

సంక్రాంతికి వస్తున్నానన్నావు కదా. ఒక పూట బెజవాడలో బస్సెక్కి గుంటూరు రా. అరండల్‌పేటలో ఒకాయన ఇంకా కీ వాచీలు విప్పుతాడు. నాన్న జనతా నా దగ్గరే ఉంది, ఈమధ్య రోజుకు పది నిమిషాలు వెనకబడుతోంది. ఇద్దరం కలిసి తీసుకెళదాం. పొద్దున పదింటికల్లా వస్తే ఆయన దగ్గర రద్దీ ఉండదు. నోటుబుక్కు మరిచిపోకు.

ఆశీస్సులతో,
మాస్టారు