మంత్రం పనిచేయదని చెప్పడం నేరమా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుణ్ని. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ సంగతి దాచుకోను. గత నెలలో మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని పత్తి చేలో పాము కరిచింది. ఇంటివాళ్లు పక్క ఊరి మంత్రగాడి దగ్గరకు తీసుకువెళ్లారు. ఐదు గంటల తర్వాత ఆసుపత్రికి బయలుదేరితే దారిలోనే ప్రాణం పోయింది. ఆ వారమే తరగతిలో, ఆమ్లం తగిలితే ఎర్రబడే మిథైల్ ఆరెంజ్ పూసిన కత్తితో నిమ్మకాయ కోసి, మంత్రగాళ్లు చూపించే ‘రక్తం’ ఎలా వస్తుందో పిల్లలకు చూపించాను. ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు మెసేజీలు పెట్టాను. వాటి స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. మనోభావాలు దెబ్బతీశావని, నాన్ బెయిలబుల్ కేసు పెట్టిస్తామని కొందరు అంటున్నారు. గుడి ముందు కొబ్బరికాయ కొట్టి క్షమాపణ చెప్పాలని, 20,000 రూపాయల జరిమానా కట్టాలని ఊరి పెద్దలు తీర్మానించారు. డబ్బు కట్టకపోతే తాను పూజ చేసి అమ్మవారిని నా పిల్లల మీదకు పంపుతానని మంత్రగాడు ఫోన్లో బెదిరించాడు. పై అధికారి నుంచి సంజాయిషీ మెమో కూడా వచ్చింది. నేను చేసింది నేరమా? కోర్టుకు వెళ్లాల్సి వస్తే బోనులో దేవుడి మీద ప్రమాణం చేయాలా?

జవాబు: మాస్టారు గారూ, ముందుగా ఆ అమ్మాయి గురించి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక పాముకాటు మరణం కేసు కాగితాలు నా చేతికి వచ్చాయి. శవ పంచనామాలో ఒంటి మీద ఉన్న వస్తువులను వరసగా రాశారు: కుడి చీలమండకు ఏడు ముడులు వేసిన నల్లదారం, పిక్క మీద బిగించి కట్టిన చీర పేలిక, గాటు మీద వేపాకు ముద్ద, మెడలో రాగి తాయెత్తు. కరిచింది సాయంత్రం నాలుగింటికి, ఆసుపత్రికి చేర్చింది రాత్రి పదకొండుకు అని కింద రాసి ఉంది. మధ్యలో ఉన్న ఆ ఏడు గంటల గురించి కేసులో ఎవరూ ఎవరినీ ఒక్క ప్రశ్న అడగలేదు. మీరు అడిగారు. అందుకే మీకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

తరగతిలో నిమ్మకాయ కోయడం నేరం కాదు. గ్రూపులో పెట్టిన మొదటి మెసేజీ కూడా, ఒక్క వాక్యం పక్కన పెడితే, నేరం కాదు. రెండో మెసేజీ గురించి మాత్రం తర్వాత విడిగా మాట్లాడుకోవాలి.

వాళ్లు బెదిరిస్తున్నది భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్‌తో. 2024 జూలై 1 వరకు ఇది భారత శిక్షాస్మృతిలో 295ఎ. లాహోరులో అచ్చయిన ఒక పుస్తకం మీద పెద్ద గొడవ జరిగాక, 1927లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన సెక్షన్ అది. గరిష్ఠ శిక్ష మూడేళ్లు. నాన్ బెయిలబుల్ అన్నది కూడా నిజమే. అయితే ఆ సెక్షన్‌లో ఉన్న రెండు మాటలను బెదిరించేవాళ్లు ఎప్పుడూ చదివి వినిపించరు. ఆ చర్య ఉద్దేశపూర్వకంగా జరిగి ఉండాలి, దాని వెనుక దురుద్దేశం కూడా ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే నేరం. 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని చెబుతూనే, మతాన్ని అవమానించే ప్రతి మాటా దీని కిందకు రాదని, తీవ్రమైన, దురుద్దేశంతో కూడిన అవమానానికే ఇది పరిమితమని తేల్చింది. ‘నా మనసు నొచ్చుకుంది’ అన్నంత మాత్రాన నేరం పుట్టదు. ఎదుటివాడి మనసులో ఏముందో ఫిర్యాదు చేసినవాళ్లు రుజువు చేయాలి.

దీనికి మన సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. 2013లో ఒక వ్యాపార పత్రిక ముఖచిత్రంగా క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తి రూపంలో, చేతుల్లో రకరకాల కంపెనీల సరుకులతో వేసింది. దాని మీద అనంతపురం కోర్టులో ఫిర్యాదు దాఖలైంది. ధోనీకి నాన్ బెయిలబుల్ వారంటు కూడా వెళ్లింది. చివరికి 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. తెలియక, అజాగ్రత్తగా, దురుద్దేశం లేకుండా జరిగిన అవమానం ఈ సెక్షన్ కిందకు రాదని అందులో మళ్లీ స్పష్టం చేసింది. ఒక్క విషయం గమనించండి. కేసు నిలబడకపోయినా వారంటు వెళ్లింది. ఈ సెక్షన్‌లోని అసలు బాధ శిక్షలో కంటే కోర్టుల చుట్టూ తిరిగే ఆ తిప్పల్లోనే ఉంది. మిమ్మల్ని భయపెడుతున్నవాళ్లు కూడా దాన్నే నమ్ముకున్నారు.

ఆ తిప్పల నుంచి కాపాడుకునే దారులు మీకు ఉన్నాయి. మాటల మీద, రాతల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో వెంటనే ఎఫ్ఐఆర్ రాయకుండా, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపడానికి నేర విచారణ పద్ధతిని నిర్దేశించే నాగరిక్ సురక్షా సంహిత 173(3) వీలిస్తోంది. 2025 మార్చిలో, ఒక పార్లమెంటు సభ్యుడు పెట్టిన కవిత మీద గుజరాత్‌లో నమోదైన కేసును కొట్టివేస్తూ, పోలీసులు ఈ పద్ధతే పాటించడం సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక మాట వల్ల కలిగే ప్రభావాన్ని నిబ్బరం గల మనిషి కొలతతో చూడాలి తప్ప, ప్రతిదానికీ ఉలిక్కిపడేవారి కొలతతో కాదని కూడా చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒకవేళ ఎఫ్ఐఆర్ అయినా, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరం కాబట్టి మామూలుగా అదే సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. నోటీసు వస్తే తప్పక వెళ్లండి, తప్పించుకోవద్దు. అరెస్టు భయం నిజంగా ఉంటే ముందస్తు బెయిలుకు జిల్లా కోర్టులో 482 కింద దరఖాస్తు వేద్దాం. ఇవన్నీ దాటి ఛార్జిషీటు వేసినా, రాష్ట్ర ప్రభుత్వమో కేంద్రమో ముందుగా అనుమతి ఇవ్వనిదే ఏ కోర్టూ 299 కింద కేసును విచారణకు తీసుకోవడానికి వీల్లేదు. కేసు పూర్తిగా కొట్టివేయించుకోవడానికి హైకోర్టు ఉంది. ఐటీ చట్టం 66ఎ పెడతామని ఎవరైనా అంటే, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే రద్దు చేసిందని చెప్పండి.

ఇక మీ మెసేజీలు. మొదటిదాంట్లో, పాముకాటుకు మంత్రం మందు కాదని, విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారని, 108కి ఫోన్ చేయమని రాశారు. ఈ మాటల్లో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు. విషపు పాము కరిచినా ఒక్కోసారి విషం దిగదు. అలా బతికినవాళ్లంతా మంత్రగాడి ఖాతాలో పడతారు. నాగుపామో కట్లపామో నిజంగా విషం దింపినప్పుడు పోయినవాళ్లు మాత్రం తలరాత ఖాతాలోకి వెళ్తారు. ఈ లెక్క ఊరికి విప్పి చెప్పడం మతాన్ని అవమానించడం ఎలా అవుతుంది? మీ ప్రాంతంలోనే ఏటా దసరాకు ముందు, దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రలతో కొట్టుకోవద్దని పోలీసులు, రెవెన్యూ అధికారులు ఊరూరా సభలు పెట్టి చెబుతారు. అది అక్కడి దేవుడు మాళ మల్లేశ్వరుడికి అవమానమని వాళ్ల మీద కేసులు పెట్టారా? రాతిని మొక్కే పద్ధతినీ చిత్తశుద్ధి లేని పూజలనూ నిలదీసిన వేమనకు కదిరి దగ్గర కటారుపల్లిలో ఈ సీమ జనమే సమాధి కట్టి మొక్కుతున్నారు. విమర్శను భరించడం మన ఊళ్లకు చట్టం నేర్పిన కొత్త విద్య కాదు.

ఆ మొదటి మెసేజీలోనే ఉన్న మరో వాక్యం మాత్రం మార్చాల్సింది. ‘ఆ అమ్మాయిని చంపింది మంత్రగాడే’ అని రాశారు. మీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఒక మనిషిని హంతకుడు అంటే న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం ప్రైవేటు ఫిర్యాదుకు దారి ఇచ్చినట్లవుతుంది. నిజం, ప్రజాహితం అన్న మినహాయింపులు మీకు ఉన్నా, వాటిని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది. ‘ఐదు గంటల ఆలస్యం వల్ల ప్రాణం పోయింది’ అంటే సరిపోయేది.

రెండో మెసేజీని ఇక్కడ అచ్చు వేయను. రాత్రి పదిన్నరకు, గ్రూపులో వాదన ముదిరాక, అమ్మవారి గురించి మీరు రాసిన ఆ బూతు మాట మంత్రగాడికి తగల్లేదు. పొద్దున్నే గుడి ముందు ముగ్గు పెట్టే మీ ఊరి ఆడవాళ్లకు తగిలింది. నేనూ మీలాగే నమ్మకం లేనివాణ్ని కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. మంత్రం ప్రాణం నిలబెట్టదని చెప్పడానికి ఆ మాట అవసరం లేదు. అవసరం లేని అవమానాన్ని చూపించే అవతలి వకీలు దురుద్దేశం ఉందని వాదిస్తాడు. అది ఒక్కటే, వాదన వేడిలో వచ్చింది కాబట్టి 299 కింద శిక్ష పడేంత బలం దానికి ఉందని నేను అనుకోను. అయినా మీ కేసులో బలహీనమైన చోటు అదే. ఇప్పుడు దాన్ని తొలగించకండి, సాక్ష్యం మాయం చేశారంటారు. ఆ మాట అన్నందుకు విచారిస్తున్నానని, పాముకాటు గురించి చెప్పినదానికి మాత్రం కట్టుబడి ఉన్నానని అదే గ్రూపులో రెండు వాక్యాలు రాయండి. ఇంకో హెచ్చరిక. వస్తువుల జోలికి వెళ్లకండి. తమిళనాడు హేతువాద నాయకుడు పెరియార్ మట్టి వినాయకుడి బొమ్మను పగలగొట్టిన కేసులో, పూజించేవారికి పవిత్రమైనది ఎంత చిన్న వస్తువైనా చట్టం రక్షణ ఇస్తుందని 1958లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఉత్తరంలో చివర రాసిన ‘తాయెత్తులు పోగేసి కాల్చే కార్యక్రమం’ ఆలోచన మానుకోండి. ఎవరి తాయెత్తు వారే ఇష్టంతో విప్పితే అది వేరు.

ఊరి పెద్దల తీర్మానం చెల్లదు. జరిమానా వేసే అధికారం వాళ్లకు లేదు, కొబ్బరికాయ కొట్టించే అధికారం అసలే లేదు. రాజ్యాంగం 25వ అధికరణంలోని అంతరాత్మ స్వేచ్ఛ నమ్మేవాడికి ఎంత ఉందో నమ్మనివాడికీ అంతే ఉంది. బెదిరించి డబ్బు వసూలు చేస్తే అది న్యాయ సంహిత 308 కింద నేరం. మంత్రగాడి ఫోన్ బెదిరింపుకు అయితే చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది, చాలామంది లాయర్లే దాన్ని వాడరు. తాను చెప్పినట్లు చేయకపోతే తన చర్యతో దైవాగ్రహం తెప్పిస్తానని నమ్మించి ఒకరిచేత పని చేయించడం, అందుకు ప్రయత్నించడం 354 కింద నేరం. ఏడాది వరకు శిక్ష. పోలీసులు దీన్ని నేరుగా దర్యాప్తు చేయలేరు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. ఆ కాల్ రికార్డు ఉంటే ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి.

సంజాయిషీకి భయపడాల్సింది లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే తత్వాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్) చెబుతోంది. 1976లో 42వ సవరణతో చేరిన మాట అది. ఆమ్లం తగిలితే సూచిక రంగు మారడం మీరు రోజూ చెప్పే పాఠమే. ఏ తరగతి, ఏ పాఠం, ఏ తేదీ అన్నది రాసి, పాఠ్య ప్రణాళిక పుస్తకం నకలు జతచేసి, మెమోలో ఇచ్చిన గడువులోగా ఇవ్వండి. వాట్సాప్ గొడవను అందులోకి లాగవద్దు. పెద్ద శిక్ష ఏదైనా వేయాలంటే ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన 1991 సీసీఏ నిబంధనల ప్రకారం అభియోగ పత్రం, విచారణ తప్పనిసరి.

బోను సంగతి సులభం. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు ఎత్తకుండా ‘నిజం చెబుతానని మనఃపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను’ అంటే చాలు. అలవాటుగా ‘దేవుడి ఎదుట’ అని చెప్పించబోతే, ధ్రువీకరణ చేస్తానని మర్యాదగా చెప్పండి.

నాకు ఇప్పుడు మీ కేసు కంటే ఆ అమ్మాయి కేసు ముఖ్యం. మంత్రతంత్రాల పేరుతో పాముకాటు వైద్యాన్ని అడ్డుకోవడం నేరమని మహారాష్ట్ర 2013లోనే చట్టం చేసింది. హొళగుంద దాటితే వచ్చే కర్ణాటకలో 2017లో చేసిన మూఢాచారాల చట్టం 2020 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఇది మనందరం ప్రభుత్వాన్ని అడగాల్సిన విషయం. అయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనిలేదు. ‘సూది పడితే మంత్రం విరుగుతుంది, ఆసుపత్రికి తీసుకుపోవద్దు’ అని అతను అన్నాడని అమ్మాయి తల్లి మీకు చెప్పిందని రాశారు. ఆ మాట ఆమె పోలీసులకు చెబితే న్యాయ సంహిత 106 కింద నిర్లక్ష్యం వల్ల మరణం, డబ్బు తీసుకున్నందుకు 318 కింద మోసం పరిశీలించవచ్చు. మీరు పంపిన అతని కార్డు మీద పక్షవాతం, మూర్ఛ, సంతానలేమికి మంత్రం వేస్తానని ఉంది. ఈ మూడూ 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం జాబితాలో ఉన్నాయి. దాని కింద పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు.

ఆ తల్లిదండ్రుల దగ్గరకు మీరే వెళ్లండి. ఎందుకు తీసుకువెళ్లారని మాత్రం అడగకండి, రోజూ వాళ్లను వాళ్లు అడుగుతున్న ప్రశ్న అదే. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా సరే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లినా సరే. వచ్చేటప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ, పోస్టుమార్టం కాగితం ఉంటే అదీ తెచ్చుకోమనండి. చీటీ మీద లోపలికి తెచ్చిన సమయం వేసి ఉంటుంది. అది పోకుండా ముందే ఫోటో తీసి పెట్టండి.