సబ్బు మారిందా, నీళ్లు మారాయా?

ప్రశ్న: సార్, పోయినేడాది చేత్తో చేసిన షేవింగ్ సబ్బు ఒకటి తెప్పించా, డబ్బా 700 రూపాయలు. నురగే నిలబడేది కాదు, ఒక చెంప గీసేలోపే ఆరిపోయేది. విసుగొచ్చి పక్కన పడేసి ట్యూబ్ క్రీముకే వెళ్లిపోయా. ఈమధ్య నిజాంపేటలో బోరు నీళ్ల ఫ్లాట్ ఖాళీ చేసి కృష్ణా నీళ్లొచ్చే ఇంటికి మారాం, సామాన్లలో ఆ డబ్బా కనపడితే మళ్లీ వాడుతున్నా, ఇప్పుడేమో గడ్డపెరుగులా వస్తోంది నురగ! మా బామ్మర్దేమో "కొత్త సబ్బు అంతే బావా, వాడగా వాడగా సెట్ అవుద్ది" అంటాడు. నిజమేనా? రెండో డబ్బా కొనొచ్చా?
— ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జవాబు మీ ఉత్తరంలోనే ఉందండీ, ఇల్లు మారానని రాశారుగా. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటాయి, అవి సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని తెట్టు తయారవుతుంది, బకెట్ అంచుకి తెల్లగా జిడ్డుగా పట్టేది అదే. అంటే బ్రష్ మీదకి తీసుకున్న సబ్బులో కొంత ఆ తెట్టుకే పోయి, నురగకి మిగిలేది తక్కువ. మరి ట్యూబ్ క్రీము బానే వచ్చిందిగా అంటారేమో, చాలా క్రీముల్లో ఈడీటీఏ అని ఒకటి కలుపుతారు, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. చేత్తో చేసేవాళ్లు అందరూ అది వెయ్యరు.

నమ్మకం లేకపోతే రెండు చిన్న సీసాలు తీసుకోండి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్ఓ మంచినీళ్లు సగం దాకా పోసి చిటికెడంత సబ్బు తురుము రెండిట్లో వేసి గట్టిగా ఊపండి. బోరు సీసాలో విరిగిన పాలలాగా తెల్ల తరకలు తేలతాయి. మళ్లీ ఎప్పుడైనా బోరు నీళ్ల ఇంటికి వెళ్లినా సబ్బు పారెయ్యక్కర్లేదు, అరగ్లాసు ఆర్ఓ నీళ్లు పక్కన పెట్టుకుంటే చాలు, గెడ్డానికి అంతకన్నా ఎందుకు చెప్పండి.

బామ్మర్ది మాట కూడా పూర్తిగా తప్పు కాదులెండి, కాకపోతే సెట్టయ్యేది సబ్బు కాదు, బ్రష్షు, మీ చెయ్యి. పంది వెంట్రుకల బ్రష్ అయితే కొత్తలో బిరుసుగా ఉంటుంది, వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడి నీళ్లూ నురగా బాగా పట్టి ఉంచుతుంది, షేవింగ్‌కి ముందు కాసేపు నానబెట్టాలి కూడా. ఈ సబ్బుల్లో స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, చిక్కటి నురగ దాని వల్లే, కానీ ట్యూబ్‌లా రెండుసార్లు తిప్పితే లొంగదు, అరనిమిషమైనా బ్రష్‌ని సబ్బు మీద తిప్పి తర్వాత మొహం మీద చుక్క చుక్క నీళ్లు కలుపుకుంటూ పోవాలి. అందరూ కంగారుపడేది ఇక్కడే.

మీరు అడగలేదు గానీ, వాడగా వాడగా మంట, దురద, ఎర్రటి దద్దుర్లు మొదలైతే మాత్రం అలవాటవుతుందిలే అని ఓర్చుకోవద్దు. సెంటు అలర్జీ మొదటి రోజే రానక్కర్లేదు, చాన్నాళ్లు బాగానే వాడాక కూడా వస్తుంది. ఆపేసి స్కిన్ డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, లేబుల్ మీద టాలో అని ఉంటే పశువుల కొవ్వు, పట్టింపు ఉన్నవాళ్లు కొనేముందే చూసుకోవాలి.

రెండో డబ్బా ఇప్పుడెందుకండీ? వాడాక మూత తీసి ఆరనిస్తే ఒక్కటే నెలల తరబడి వస్తుంది. ముందు అది అవ్వనివ్వండి.