పిడిలో దిక్సూచి ఉన్న సర్వైవల్ కత్తి కొనవచ్చా?

నల్లమల, పాడేరు వైపు క్యాంపింగ్‌కి వెళ్లడానికి కత్తి కావాలన్నారు. బోలు పిడి, అందులో దిక్సూచి, గాలాలు, అగ్గిపుల్లలు, వెన్ను మీద రంపపు పళ్లు ఉన్నదాన్ని చూశానని రాశారు. దయచేసి అది కొనకండి.

తూర్పు కనుమల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. కత్తి ఎంతవరకు నిలుస్తుందో చెప్పేది పిడి లోపల దాగి ఉండే ఇనుమే. బోలు పిడిలో సామాన్లకు చోటు కావాలి కాబట్టి బ్లేడు పిడి మొదట్లోనే ఆగిపోతుంది. దెబ్బ వేసినప్పుడు భారమంతా ఆ అతుకు మీదే పడుతుంది. మా బృందంలో ఒకాయన అలాంటి కత్తిని ఎండు వెదురు మీద పెట్టి, పైనుంచి కర్రతో కొట్టి చీలుస్తుంటే బ్లేడు ఊడి పక్కకు ఎగిరింది. అటువైపు ఎవరూ కూర్చోలేదు కాబట్టి సరిపోయింది. అందుకే బ్లేడు ఇనుమే పిడి చివరిదాకా, పిడి అంత వెడల్పుతో సాగే 'ఫుల్ టాంగ్' కత్తి తీసుకోండి. దిక్సూచి, అగ్గిపెట్టె జేబులో పెట్టుకోవచ్చు.

బ్లేడు పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, మందం 3 లేక 4 మిల్లీమీటర్లు ఉంటే వంట పనికీ, పుల్లలు చెక్కడానికీ, సన్న కట్టెలు చీల్చడానికీ సరిపోతుంది. పొదలు కొట్టాలంటే ఎంత పెద్ద సర్వైవల్ కత్తీ మన ఊరి కొడవలికి సాటి రాదు, ఆ పని దానికే వదిలేయండి.

వెన్ను మీది రంపపు పళ్లు కట్టెలో దిగబడి ఇరుక్కుంటాయి తప్ప కోయవు. పైగా కర్రతో వెన్ను మీద కొడితే కర్రనే తినేస్తాయి. వెన్ను నున్నగా, అంచులు గుండ్రంగా అరగదీయకుండా లంబకోణంలో ఉండాలి. అప్పుడు దానితోనే ఫెర్రో రాడ్ (గీకితే నిప్పురవ్వలు రాలే లోహపు కడ్డీ) గీకి నిప్పు రాజేయొచ్చు. ఎండు వెదురు పైపొరను అదే అంచుతో గీకితే వచ్చే సన్నటి పొట్టు భలే అంటుకుంటుంది. వానాకాలంలో నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదే.

ఉక్కు విషయంలో మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. 1095 లాంటి కార్బన్ స్టీల్‌కి సానరాయి మీద పదును తేలిగ్గా వస్తుంది కానీ, తడిగా ఒరలో పెడితే తెల్లారేసరికి తుప్పు మచ్చలు కనిపిస్తాయి. రోజూ తుడిచి కొబ్బరినూనె రాసే ఓపిక లేకపోతే 12సి27 లాంటి స్టెయిన్‌లెస్ మంచిది. స్వీడన్ మోరా కంపెనీ కత్తుల్లో గార్‌బర్గ్ ఫుల్ టాంగ్‌ది, మందం 3.2 మిల్లీమీటర్లు. బడ్జెట్ తక్కువైతే అదే కంపెనీ కంపానియన్ చూడండి. అది ఫుల్ టాంగ్ కాదు, 2.5 మిల్లీమీటర్ల మందమే. చెక్కడానికి, కోయడానికి చాలా బాగుంటుంది, కట్టెలు చీల్చడానికి మాత్రం వాడొద్దు.

పిడిని తడిచేత్తో పట్టుకుని చూశాకే డబ్బులివ్వండి. చెమట పట్టిన చెయ్యి జారి పదును మీదికి వెళ్తే వేళ్లు తెగుతాయి. కాబట్టి వేళ్ల ముందు చిన్న అడ్డు, పట్టు దొరికే రబ్బరు లేదా గరుకు మైకార్టా (గుడ్డ పొరలను రెజిన్‌తో గట్టిగా అతికించి చేసే పదార్థం) ఉండాలి. తాడు చుట్టిన పిడి నీళ్లు పీల్చి గంటలకొద్దీ ఆరదు. ఒర తోలుదైతే అదీ తేమ పట్టి ఉంచుతుంది. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర చాలు, తలకిందులు చేసి గట్టిగా ఊపినా కత్తి జారిపోకూడదు.

ఇంకో ముఖ్య విషయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా ఆయుధంతో వెళ్లకూడదు. నల్లమలలో చాలా భాగం అభయారణ్యమే, పులుల రిజర్వూ కాబట్టి బయల్దేరే ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. ఇంటిపనికో, వ్యవసాయానికో చేసినవి కాకపోతే, 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న బ్లేడ్లు 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం ఆయుధాల జాబితాలోకి వస్తాయి. విమానంలో వెళ్తుంటే కత్తిని చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి.