స్టూడియోను పెద్ద కంపెనీ కొన్నాక లోపల ఏం మారుతుంది?

'టాయ్ స్టోరీ' తీసిన అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్ పూర్తిగా డిస్నీ చెప్పుచేతల్లోకి వెళ్లిపోయిందంటున్నారు, కొన్నప్పుడు ఇచ్చిన మాటలు ఏమయ్యాయి, లోపల పనిచేసేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది అని అడిగారు. పిక్సార్ లోపలి సంగతి నేను చూడలేదు. కానీ హైదరాబాద్ మాదాపూర్‌లో నేను లైటింగ్ ఆర్టిస్టుగా (కంప్యూటర్లో సీన్లకి వెలుగునీడలు అద్దే పని) చేసిన యానిమేషన్ స్టూడియోను ఒక అమెరికా కంపెనీ కొనేసింది. ఆ మార్పంతా నా సీట్లో కూర్చునే చూశాను.

కొన్న రోజు అందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి "ఏమీ మారదు, మీ స్టూడియో మీదే" అన్నారు. బిర్యానీ కూడా పెట్టారు. నిజంగానే కొన్నాళ్లు ఏమీ మారలేదు. ముందు మెయిల్ ఐడీలు మారాయి, తర్వాత టైమ్‌షీట్లు వచ్చాయి. అంతవరకూ ఎవరికీ బాధ లేదు. తేడా తెలిసింది హైరింగ్ దగ్గర. అంతకుముందు మా స్టూడియో హెడ్ ఒక కుర్రాడి షోరీల్ (తను చేసిన పనుల వీడియో) నచ్చితే ఆ సాయంత్రమే ఆఫర్ లెటర్ ఇప్పించేవారు. తర్వాత అదే మనిషి, అదే క్యాబిన్‌లో కూర్చుని, "హెడ్‌కౌంట్ అప్రూవల్ రావాలి, చూద్దాం" అనడం మొదలుపెట్టారు, అంటే మనిషిని తీసుకోవడానికి పైనుంచి అనుమతి కావాలన్నమాట. రెండర్ ఫామ్‌కి (సీన్లని తుది బొమ్మలుగా మార్చే కంప్యూటర్ల గుంపు) కొత్త మెషీన్లు కావాలన్నా లాస్ ఏంజెలిస్‌కి మెయిల్ పెట్టాల్సిందే. అక్కడ పొద్దున్న తొమ్మిదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో అయితే పదిన్నర. ఆ కాల్స్ కోసం లీడ్స్ అందరూ ఆఫీసులోనే టిఫిన్లు తెప్పించుకునేవారు. ఇంటి తాళాలు మా దగ్గరే ఉన్నాయి, బీరువా తాళాలు మాత్రం అత్తగారి బొడ్లోకి వెళ్లాయి.

మాకొక చిన్న డెవలప్‌మెంట్ టీమ్ ఉండేది. సర్వీస్ వర్క్ (బయటి కంపెనీల షోలకు చేసిపెట్టే పని) మీద వచ్చే లాభంలో కొంత తీసి పిల్లల కోసం సొంత సీరియల్ తయారుచేస్తున్నారు. తెలుగు పల్లె, ఒక గేదె, బడి ఎగ్గొట్టే ఇద్దరు పిల్లలు. పైలట్, అంటే నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్, సగం దాకా వచ్చింది. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. తర్వాతి ఏడాది బడ్జెట్ షీట్‌లో దాని వరసే లేదు, అంతే. టీమ్‌ని పేరెంట్ కంపెనీ షోల మీదకి సర్దేశారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. క్లయింట్ డబ్బులు ఆలస్యమైతే జీతాలు ఆగే రోజులు పోయాయి. ఇన్సూరెన్స్ మెరుగైంది. జూనియర్లలో చాలామందికి కొత్త యాజమాన్యమే నచ్చింది, వాళ్లని తప్పుపట్టలేం.

ఇక పిక్సార్. డిస్నీ 2006లో దాన్ని 740 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, మార్చకూడని పద్ధతుల జాబితా కూడా రాసుకున్నారు. నా లెక్కలో పిక్సార్‌ని కాపాడింది ఆ జాబితా కాదు. డబ్బుకి బదులు షేర్లు ఇచ్చారు కాబట్టి స్టీవ్ జాబ్స్ డిస్నీలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారై బోర్డులో కూర్చున్నాడు. పిక్సార్‌ని నడిపిన ఎడ్ క్యాట్‌మల్, జాన్ లాసెటర్ డిస్నీ సొంత యానిమేషన్ స్టూడియోకి కూడా పెద్దలయ్యారు. అంటే కొన్నవాళ్ల ఇంట్లో పెత్తనం అమ్ముడుపోయినవాళ్ల చేతికొచ్చింది! జాబ్స్ 2011లో చనిపోయాడు. 2018 చివరికి లాసెటర్ కూడా వెళ్లిపోయాడు. ఆ తర్వాత పిక్సార్ సినిమాలు 'సోల్', 'లూకా', 'టర్నింగ్ రెడ్' అమెరికాలో థియేటర్లకి బదులు వరసగా డిస్నీ సొంత ఓటీటీ డిస్నీ ప్లస్‌లోకి వెళ్లాయి. మొదటిదానికి కోవిడ్ కారణం అంటే ఒప్పుకుంటాను. 2022 మార్చిలో వచ్చిన మూడోదానికి ఆ మాట నాకు అతకదు. 2024లో పిక్సార్ సిబ్బందిలో సుమారు 14 శాతం మందిని తీసేశారు.

'ఐస్ ఏజ్' తీసిన బ్లూ స్కై స్టూడియో కథ ఇంకా ఘోరం. 2019లో దాని యజమాని ఫాక్స్‌తో పాటు అది డిస్నీ చేతికొచ్చింది, 2021 ఏప్రిల్‌లో మూతపడింది. అక్కడ మధ్యలో ఆగిన 'నిమోనా' సినిమాని తర్వాత అన్నపూర్ణ అనే అమెరికా సంస్థ (మన అక్కినేనివారిది కాదు) చేపట్టి పూర్తి చేయించింది. 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

మీరు ఇలా చేతులు మారిన స్టూడియోలో చేరాలనుకుంటే ఇంటర్వ్యూలో ఒకటి అడగండి: సొంత ప్రాజెక్టుల బడ్జెట్ మీద హైదరాబాద్‌లో సంతకం పెట్టేది ఎవరు? ఫలానా మనిషి అని పేరు చెబితే మంచిదే. ప్రాసెస్ గురించి మొదలుపెడితే జీతం చూసుకుని చేరండి, సొంత కథల ఫైల్ మాత్రం ఇంట్లో మీ లాప్‌టాప్‌లోనే ఉంచుకోండి.